భాగస్వాములా, భారవాహులా?

విజయనగరమున గంటస్తంభము చెంతను, శ్రీకాకుళమున ఏడురోడ్ల కూడలియందును, వీపున పెద్దసంచి తగిలించుకొని, చేతిలోని ఫోను వంక చూచుచు రాత్రివేళ నిలిచియుండు యువకులను మన పాఠకులెరుగుదురు. ఇంటింటికి భోజనమును సరకులను చేర్చు వీరిని కంపెనీలు ‘డెలివరీ భాగస్వాములు’ అని పిలుచుచున్నవి. ఈ మాటను మేము కొంచెము పరీక్షింపగోరుచున్నాము.

1932వ సంవత్సరపు భాగస్వామ్య చట్టము ననుసరించి, వ్యాపార లాభమును పంచుకొనుటకు ఒడంబడిన వారే భాగస్వాములు. ఈ యువకులకు లాభములో వాటా కలదా? లేదు. కూలి నిర్ణయించుటలో మాట కలదా? లేదు. బండి వీరిది, పెట్రోలు వీరిది, పంక్చరు ఖర్చు వీరిది. వానలో జారిపడినచో విరిగిన కాలును వీరిదే. ఎవరో చేసిన ఫిర్యాదుపై ఐడీ నిలిచిపోయెనా, సంజాయిషీ వినుటకు ఎదుట మనుష్యుడే కానరాడు. నష్టమున మాత్రమే భాగమిచ్చు భాగస్వామ్యమును మేమే న్యాయశాస్త్రమునందును చదివి యుండలేదు.

నెల్లిమర్ల జూటుమిల్లు కార్మికునకు ఒక గేటుండెను, హాజరుపట్టీ యుండెను. యజమాని ఎవరో తెలిసియుండెను. అందుచే పదుగురొకచోట నిలిచి న్యాయమడుగగలిగిరి. ఈనాటి యువకునకు గేటును లేదు, పట్టీయు లేదు.

దేశమున ఇట్టి పనివారు 2020-21లో 77 లక్షలనియు, 2029-30 నాటికి 2 కోట్ల 35 లక్షలగుదురనియు నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసినది. 2020లో చేయబడి 2025 నవంబరు 21న అమలునకు వచ్చిన సామాజిక భద్రతా స్మృతి వీరిని పేరుపెట్టి గుర్తించినది. వీరి సంక్షేమమునకై కంపెనీలు తమ సాలుసరి టర్నోవరులో నూటికి ఒకటి రెండు వంతులు ఈయవలెనన్నది. ఇది మేలే. కాని యజమాని, ఉద్యోగి యను సంబంధమునకు వెలుపలివారని నిర్వచించుటచే ఉద్యోగికిగల హక్కులు వీరి గడప దాటి లోనికి రాలేదు. రాజస్థాను 2023లోను, కర్ణాటకము 2025లోను ప్రత్యేక శాసనములు చేసినవి. మన రాష్ట్రమునను ప్రతి పనివాని పేరు నమోదు కావలయును. ప్రమాదమునకు పరిహారము, తొలగించుటకు ముందు నోటీసు, మొర వినుటకు జిల్లాలోనే ఒక అధికారి యుండవలయును.

యువకులారా, సంఘముగా నేర్పడుడు. పాఠకులారా, మన ఆకలి పదినిమిషములు ఆగగలదు. ఆ పదినిమిషములకై పరుగిడినవాని ప్రాణము పోయినచో మరల రాదు.