గెలిచిన తర్వాత మనం ఎవరం?

"పీజీకి వచ్చాక కూడా కార్టూన్లేమిటిరా?" అని మమ్మల్ని చూసి చాలామంది నవ్వారు. స్టడీ అవర్ అయ్యాక ఒకే ల్యాప్‌టాప్ చుట్టూ చేరి మేము చూసింది జపాన్ వారి 'మొబైల్ సూట్ గండమ్', దాని కొనసాగింపు 'జీటా గండమ్'. అవి మాలో రేపిన ఆలోచనను ఈ వార్షికోత్సవ సంచికలో మీ ముందుంచుతున్నాము.

యోషియుకి తొమినో దర్శకత్వంలో మొదటిది 1979లో ప్రసారమైంది. ఇందులో రాక్షసులు లేరు, రెండు వైపులా మనుషులే. భూమి నుంచి అంతరిక్ష నివాసాలకు తరలించిన జనం స్వపరిపాలన కోరుకుంటారు. ఆ కోరిక న్యాయమైనదే. కానీ జాబీ కుటుంబం దాన్ని నియంతృత్వంగా మార్చేస్తుంది. యుద్ధం మొదలైన నెల రోజుల్లోనే మానవజాతిలో సగం నశిస్తుంది. పదిహేనేళ్ళ అమురో రోబో ఎక్కి పోరాడక తప్పదు. 52 భాగాలు అనుకున్న ఈ సీరియల్‌ను ఆదరణ లేక 43తోనే ఆపేశారు. పునఃప్రసారాలు, 1980లో వచ్చిన బొమ్మల కిట్లు, ఆ తర్వాతి సినిమాలు దానికి మళ్ళీ ప్రాణం పోశాయి.

1985లో వచ్చిన 'జీటా' కథ యుద్ధం ముగిసిన ఏడేళ్ళకు జరుగుతుంది. నియంతను ఓడించిన భూమి సమాఖ్యే ఇప్పుడు 'టైటన్స్' అనే దళాన్ని పెంచి పోషిస్తుంది. నిరసన తెలిపిన ఒక నివాసంలోకి ఆ దళం విషవాయువు వదిలి జనాన్ని చంపుతుంది. నిన్నటి శత్రువు షార్ పేరు మార్చుకుని వాళ్ళను ఎదిరిస్తాడు. చివరికి టైటన్స్ ఓడినా, కథానాయకుడు కమీల్ మతి చలించిపోతుంది.

జీటా నిరాశ నింపుతుందని కొందరు మిత్రులంటారు. మేము ఒప్పుకోము. అణచివేతను ఓడించినవాడే రేపు అణచేవాడు కావచ్చునని చెప్పడం నిరాశ కాదు, హెచ్చరిక.

ఆ హెచ్చరిక మాకూ తగిలింది. మా ఇళ్ళల్లో డిగ్రీ పట్టా చూసిన మొదటి తరం మేము. హాస్టల్లో చేరిన ఏడాది సీనియర్ల బట్టలు ఉతికి, రాత్రుళ్ళు దుప్పటి కప్పుకుని ఏడ్చాము. మేము సీనియర్లమయ్యాక జూనియర్ల చేత నీళ్ళ బకెట్లు మోయించాము. రాయడానికి సిగ్గుగానే ఉంది.

ఈ ఏడాది మా గదివాళ్ళం ఆ పని మానేశాము. తమ్ముళ్ళారా! రేపు మీరూ సీనియర్లవుతారు, ఉద్యోగస్తులవుతారు, కొందరు అధికారులూ అవుతారు. అప్పుడు మీ ఎదుట చేతులు కట్టుకుని నిలబడినవాడిలో నిన్నటి మిమ్మల్ని చూసుకోండి. మన గెలుపుకు అసలు పరీక్ష అక్కడే.