తప్పు పిల్ల వేళ్ళది కాదు

చెప్పులు కొనాలంటే పిల్లను వెంటబెట్టుకెళ్ళి కాలు పెట్టించి చూస్తాం. జాకెట్టు కుట్టించాలంటే ఆది జాకెట్టు ఇస్తాం. అదే పిల్ల గిటారు నేర్చుకుంటానంటే మాత్రం అన్నయ్య వాయించి వదిలేసిందో, షాపులో అన్నిటికన్నా చవకదో తెచ్చి చేతిలో పెడతాం. "ముందు దీనిమీద నేర్చుకోనీ, వస్తే మంచిది కొందాంలే" అంటాం. మూడు నెలలు తిరక్కుండానే గిటారు అటకెక్కుతుంది. "నే చెప్పలా, దీనికి ఏదైనా నాలుగు రోజుల ముచ్చటే!" అని ఇంటిల్లిపాదీ తేల్చేస్తారు.

ఈ తీర్పు మీదే నా అభ్యంతరం. ఇలాంటప్పుడు చాలాసార్లు ఓడింది పిల్ల కాదు, గిటారు. చేయి తిరిగినవాళ్ళే తంటాలు పడే వాయిద్యాన్ని ఓనమాలు దిద్దే చేతికిచ్చి, రాలేదేమని అడగడం ఏం న్యాయం?

గిటారు మెడమీద అడ్డంగా ఉండే సన్నటి లోహపు కడ్డీలే ఫ్రెట్లు. తీగను వేలితో నొక్కి ఫ్రెట్‌కు ఆనిస్తేనే స్వరం పలుకుతుంది. తీగ ఎంత ఎత్తున ఉంటే అంత గట్టిగా నొక్కాలి. ఈ ఎత్తునే 'యాక్షన్' అంటారు. స్టీలు తీగల గిటారుకి 12వ ఫ్రెట్ దగ్గర సన్న తీగ కింద సుమారు 2 మిల్లీమీటర్లు, లావు తీగ కింద రెండున్నర మిల్లీమీటర్ల ఖాళీ ఉంటే వేళ్ళకు హాయి. చవక గిటార్లలో కొన్నిటికి ఇది దాదాపు రెట్టింపు ఉంటుంది. కొత్తలో రెండు మూడు వారాలు వేళ్ళ కొసలు ఎవరికైనా మండుతాయి, తర్వాత చర్మం గట్టిపడుతుంది. ఆ నొప్పి మామూలే. నెలలు గడిచినా తీగ దిగనని మొరాయిస్తుంటే మాత్రం చూడాల్సింది పిల్ల శ్రద్ధను కాదు, తీగ ఎత్తును.

తీగల్లోనూ రెండు రకాలు. స్టీలు తీగలు ఆరూ కలిసి మెడను దాదాపు 70 కిలోల బలంతో లాగుతాయి. నైలాన్ తీగల లాగుడు సుమారు 40 కిలోలే. అందుకే నైలాన్ తీగలు లేత వేళ్ళకు మెత్తగా ఉంటాయి. అయితే ఆ గిటారు మెడ కాస్త వెడల్పు, చిన్న చేతికి అందుతుందో లేదో పట్టించి చూడాలి. పిల్లకు సినిమా పాటల్లో వినిపించే గలగలలాడే మోతే ఇష్టమైతే స్టీలు తీగలే కొనండి, కాకపోతే సన్న రకం వేయించండి. నైలాన్ గిటారుకి స్టీలు తీగలు బిగించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. ఆ లాగుడికి బ్రిడ్జి ఊడొస్తుంది.

ఇక ఆకారం. షాపుల్లో ఎక్కువగా కనిపించే పెద్ద పొట్ట గిటారు పేరు డ్రెడ్‌నాట్. అదొక బ్రిటిష్ యుద్ధనౌక పేరు! 1916లో అమెరికాలో మొదలైన ఈ నమూనాను పొట్టిగా ఉన్నవాళ్ళు ఒళ్ళో పెట్టుకుంటే కుడి భుజం పైకి లేస్తుంది, అరగంటకే మెడ పట్టేస్తుంది. మన ఆడపిల్లలకు చాలామందికి అంతకన్నా చిన్న పొట్ట ఉన్న 'కాన్సర్ట్' రకం నప్పుతుంది. పదేళ్ళలోపు పిల్లలకైతే ముప్పావు సైజు ఉండనే ఉంది.

సరిగమలు నేర్చిన తల్లులకు ఇంకో పరీక్ష చెబుతాను. తీగను ఊరికే మీటితే వచ్చే స్వరాన్ని షడ్జమం అనుకోండి. 12వ ఫ్రెట్ దగ్గర నొక్కి మీటితే కచ్చితంగా పై షడ్జమం పలకాలి. తేడా వచ్చిందా, ఆ గిటారు వద్దు. ఎంత సాధన చేసినా అది అపశ్రుతే పలుకుతుంది, పిల్లేమో తనకు సంగీతం రాదనుకుంటుంది.

ఇదంతా ఖరీదైనది కొనమని కాదు. మెరిసే రంగులకీ, కరెంటు హంగులకీ పెట్టే డబ్బు మిగుల్చుకుని, అందులో కొంత పెట్టి తీగల ఎత్తు సరిచేయించండి. తెలిసిన మాస్టారు చూసిచ్చిన పాత గిటారైనా సరే, కొత్త చవక దానికన్నా నయం.

"రేపు పెళ్ళయితే మూలపడేదేగా" అనే మాట కూడా వింటూంటాం. ఎలిజబెత్ కాటెన్ అనే అమెరికన్ నల్లజాతి మహిళ చిన్నతనంలో ఇళ్ళలో పనిచేసి, ఆ డబ్బుతో తన గిటారు తానే కొనుక్కుంది. పెళ్ళయ్యాక ఆమె గిటారూ ఏళ్ళ తరబడి మూలపడింది. కానీ అరవై దాటాక ఆమె తొలి రికార్డు వచ్చింది. 1985లో గ్రామీ అవార్డు అందుకుంది. మూలపడినంత మాత్రాన విద్య పోతుందా? ఆ మాటకొస్తే పిల్లతో పాటు నలభై ఏళ్ళ అమ్మ మొదలుపెడితే మాత్రం ఎవరొద్దన్నారు?

అందుకే నేననేది ఒక్కటే. గిటారు కొనడానికి వెళ్ళేటప్పుడు పిల్లను తీసుకెళ్ళండి. ఒళ్ళో పెట్టుకోనివ్వండి, తీగ నొక్కనివ్వండి, తనకు నచ్చిన మోత ఏదో చెప్పనివ్వండి. చేతికి సరిపోయే గిటారు ఇచ్చి ఏడాది ఆగండి. అప్పుడూ వద్దంటే అది దాని ఇష్టం. అంతేగానీ, చేతికి అందని వాయిద్యం ఇచ్చి "నీకు చేతకాదు" అనే మాట మాత్రం దాని నెత్తిన పెట్టకండి. ఆడపిల్లలకు ఆ మాట వినిపించేవాళ్ళు బయట చాలామందే ఉన్నారు.