ఫోర్డుగారి ఫిడేలు పిచ్చి

డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేస్తున్న మన పిల్లలకు, ఇక్కడ ఇంజనీరింగ్ చదువుతూ ఆ వైపే చూస్తున్నవాళ్లకు ఆశీస్సులు.

హెన్రీ ఫోర్డు గురించి మీకు కొత్తగా చెప్పేదేముంది? 1908లో మోడల్ టీ, 1913లో కదిలే అసెంబ్లీ లైను, ఆ మరుసటేడు రోజుకు 5 డాలర్ల కూలి, ఇవన్నీ మీకు పరీక్షల్లో మార్కులు తెచ్చిపెట్టినవే. ఆయనకున్న ఫిడేలు పిచ్చి మాత్రం మన సిలబస్‌లో లేదు. పగలు షాప్‌ఫ్లోరు మీద, సాయంత్రాలు కచేరీల్లో బతికిన నాలాంటి రిటైర్డ్ ఇంజనీరుకు ఆ కథే ఎక్కువ రుచి.

ఆయన 1863లో డియర్‌బోర్న్ దగ్గర రైతు ఇంట పుట్టాడు. సేద్యం గిట్టలేదు, ప్రాణమంతా యంత్రాల మీదే. ఆవిరి ఇంజన్లు బాగుచేస్తూ తిరిగి, చివరికి డెట్రాయిట్‌లో ఎడిసన్ ఇల్యూమినేటింగ్ కంపెనీలో చేరి, 1893లో చీఫ్ ఇంజనీరయ్యాడు. కుర్రతనంలో ఆయనకున్న సరదా పల్లెటూరి డాన్సులు. క్లారాతో పరిచయమైంది అలాంటి డాన్సులోనే. 1888లో పెళ్లి చేసుకున్నారు.

ఆ డాన్సులకు బ్యాండు అంటే చాలాచోట్ల ఒక్క ఫిడేలే. మన విద్వాంసులు నేలమీద బాసింపట్టు వేసుకుని, వాద్యం తలను పాదం మీద ఆనించి వాయిస్తారు కదా. ఆ పాతకాలపు ఫిడేలర్లు కుర్చీలో కూర్చుని, చాలామంది వాద్యాన్ని గడ్డం కిందకు కూడా పోనివ్వకుండా ఛాతీకే ఆనించి, కాలితో నేలను తన్నుతూ వాయించేవారు. వరస చిన్నది. ఎనిమిదేసి బార్ల రెండు భాగాలు, ఒక్కోటి రెండేసిసార్లు, మళ్లీ మొదటికి. డాన్సు ఆగేదాకా అదే. మనోధర్మం, రాగాలాపన వెతికితే దొరకవు. పట్టు అంతా కమానులో ఉంటుంది. పక్క తీగను కూడా తాకుతూ ఒక శ్రుతి మోగిస్తూ, కమాను ఒరిపిడితోనే తాళం పుట్టిస్తారు. మృదంగం లేని లోటు తెలియదు.

1923లో ఫోర్డు మసాచుసెట్స్‌లో వేసైడ్ ఇన్ అనే పాత సత్రాన్ని కొన్నాడు. అక్కడ పరిచయమైన బెంజమిన్ లోవెట్ అనే డాన్సు మాస్టార్ని ఆ పాత డాన్సులు మళ్లీ నేర్పించడానికి డియర్‌బోర్న్‌కు రప్పించి ఉద్యోగమే ఇచ్చాడు. డాన్సులు ఎక్కడ జరిగాయనుకున్నారు? కంపెనీ ఇంజనీరింగ్ లేబొరేటరీలో! ఓ మూల తెరలు కట్టించి, పగలు డ్రాయింగులు చూసిన పెద్ద అధికారులను సాయంత్రం భార్యలతో సహా రమ్మనేవాడు. యజమాని పిలుపు కదా, కాదనేదెవరు? 1926లో దంపతుల పేరుతో డాన్సు పాఠాల పుస్తకం కూడా వేశారు. అమ్మాయి నడుము దగ్గర మగవాడి చెయ్యి పెన్సిలు పట్టుకున్నట్టు ఉండాలట. డాన్సుకూ స్పెసిఫికేషన్ రాసిన మనిషి!

పాత ఫిడేలర్లంటే ఆయనకు ప్రాణం. మిషిగన్ ముసలాయన జెప్ బిస్బీని ఆదరించాడు. 1925 డిసెంబరులో మెయిన్ రాష్ట్రం నుంచి మెలీ డన్‌హామ్‌ను పిలిపించాడు. 72 ఏళ్ల ఆ పెద్దాయన వృత్తి మంచు మీద నడిచే చెప్పులల్లడం, ఉత్తర ధ్రువ యాత్రకు వెళ్లిన పియరీకి కూడా ఆయనే అల్లిచ్చాడు. పత్రికలు ఆయన వెంటపడ్డాయి. దాంతో ఆ చెప్పులల్లే మనిషి నగరాల నాటకశాలల్లో టిక్కెట్టు కచేరీలు చేశాడు. ఫోర్డు స్వయంగా గొప్పగా వాయించేవాడేమీ కాదు. అయినా స్ట్రాడివారి చేసిన వయొలిన్‌తో సహా ఎన్నో మేలైన వాద్యాలు కొని పెట్టుకున్నాడు.

ఇంతవరకూ ముచ్చటే. కానీ ఆ పల్లెటూరి డాన్సులు మూతపడటంలో ఆయన కార్ల పాత్ర కూడా ఉంది. కోటిన్నర మోడల్ టీలు రోడ్డెక్కాక, కుర్రకారు శనివారం రాత్రి పక్కింటి కొట్టంలో గెంతుతారా, పట్నంలో సినిమాకు పోతారా? ఫోర్డు మాత్రం తప్పు జాజ్ మీదికి తోశాడు. అంతటితో ఆగలేదు. ఆయన పత్రిక ‘డియర్‌బోర్న్ ఇండిపెండెంట్’ 1920 నుంచి యూదుల మీద విషం కక్కింది. జాజ్ యూదుల కుట్ర అని 1921లో వ్యాసమే వేసింది. పరువునష్టం దావా పడ్డాక 1927లో క్షమాపణ చెప్పి పత్రిక మూసేశాడు. 1938లో హిట్లర్ ప్రభుత్వమిచ్చిన పతకాన్ని మాత్రం పుచ్చుకున్నాడు. పాత పాట మీద ప్రేమ మనిషిని దానంతటదే మంచివాణ్ని చేస్తుందనుకునేవాళ్లకు ఈ సంగతి చెప్పండి.

పోనీ ఆయన కాపాడాలనుకున్న సంగీతమైనా, ఆయన అనుకున్నట్టు, పరాయి కలుపు లేని ‘అచ్చమైనదా’? అమెరికా దక్షిణ రాష్ట్రాల డాన్సుల్లో తరాల తరబడి ఫిడేలు వాయించినవాళ్లలో బానిసలైన నల్లవాళ్లు ఎందరో. బాంజో మూలాలు ఆఫ్రికాలో ఉన్నాయి. ఫోర్డు సొంత ఆర్కెస్ట్రాలో ఫిడేలు పక్కన మోగింది హంగరీ వాళ్ల సింబలమ్. కార్ఖానాలో ప్రతి బోల్టు ఎక్కడిదో తెలిసిన మనిషి ఈ లెక్క చూడనే లేదు!

మనం నవ్వడానికి లేదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో దొరల దగ్గర వయొలిన్ నేర్చి మన కచేరీకి తెచ్చాడు. ఆనాడు ‘మ్లేచ్ఛుల వాద్యం, వద్దు’ అని తలుపులేసి ఉంటే విజయనగరంలో ద్వారం వెంకటస్వామి నాయుడుగారి కమాను మనకు దక్కేదా? ఇప్పుడు ఆ ఫిడేలే చేతపట్టుకుని ‘ఈ కుర్రాళ్లు వినేదీ ఒక పాటేనా’ అంటున్న నా ఈడువాళ్ల మాటలకు నేను తలూపను.

డియర్‌బోర్న్‌లో ఫోర్డు పెట్టిన మ్యూజియం మీలో చాలామందికి కారులో కాసేపటి దూరమే. ఆయన వయొలిన్లు ఆ సేకరణలోనే ఉన్నాయి. వెళ్లేముందు జెప్ బిస్బీ 1923లో ఎడిసన్ రికార్డింగ్ కంపెనీకి వాయించిన రికార్డు వెతికి వినండి. పక్కన పియానో వాయించింది ఆయన కూతురు. మీ ఆఫీసులో జాజ్ పిచ్చివాడెవడైనా ఉంటే అతన్నీ వెంటబెట్టుకెళ్లండి, దారిలో కారులో అతని పాటలే పెట్టించుకోండి.

ఇట్లు,
మీ శ్రేయోభిలాషి,
ఒక రిటైర్డ్ మెకానికల్ ఇంజనీరు