పేరు ముందుంటే పన్నంతా ఆమెదేనా?

బోధన్‌లో ఓ టీచరమ్మ. ఆమె భర్తది నిజామాబాద్ గంజ్‌లో పసుపు వ్యాపారం. ఇద్దరూ కలిసి 2019లో జాయింటు డీమ్యాట్ ఖాతాలో కంపెనీ షేర్లు కొన్నారనుకుందాం. ఆమె జీతంలోంచి రూ.2 లక్షలు, ఆయన వ్యాపారంలోంచి రూ.4 లక్షలు పెట్టారు. ఖాతాలో మొదటి పేరు ఆమెది. కాపురం నిలవలేదు. 2025 జూన్‌లో విడాకులయ్యాయి. అక్టోబరులో షేర్లన్నీ రూ.12 లక్షలకు అమ్మి, పెట్టిన డబ్బు లెక్కన పంచుకున్నారు. ఆమెకు 4 లక్షలు, ఆయనకు 8 లక్షలు.

చిక్కంతా రిటర్ను దగ్గర వచ్చింది. ఆదాయపు పన్ను శాఖ వార్షిక సమాచార నివేదికలో అమ్మకం మొత్తం ఆమె పాన్ నంబరు కిందే కనిపిస్తోంది. ‘మొదటి పేరు నీదే కదా, నువ్వే కట్టుకో’ అంటాడాయన. ‘పైసలు ఇద్దరివి కదా’ అంటుందామె.

ఆమె మాటే సరైంది. పన్ను లెక్కకు పేర్ల వరుస కాదు, డబ్బు ఎవరు పెట్టారన్నదే ముఖ్యం. మొత్తం లాభం రూ.6 లక్షల్లో ఆమె వాటా 2 లక్షలు, ఆయనది 4 లక్షలు.

ఏడాది దాటాక అమ్మిన లిస్టెడ్ షేర్ల లాభంలో ఒక్కొక్కరికి ఏటా రూ.1.25 లక్షల వరకు పన్ను లేదు. ఆపైన 2024 జులై 23 నుంచి 12.5 శాతం. ఆ లెక్కన ఆమె కట్టాల్సింది రూ.9,375, ఆయన కట్టాల్సింది రూ.34,375. అంతా తన పేరనే చూపితే ఆమెకు పడేది రూ.59,375! సెస్సు దీనికి అదనం.

మరి ఏం చేయాలి? నివేదికలో చూపిన మొత్తం తనది కాదని ఆమె ఆన్‌లైన్లో అభిప్రాయం నమోదు చేయాలి. ఆమె ఐటీఆర్-2లో, ఆయన ఐటీఆర్-3లో ఎవరి వాటా వాళ్లు చూపాలి. తన నివేదికలో కనిపించలేదని ఆయన వదిలేస్తే కుదరదు.

ఇంకో మెలిక ఉంది. ఆ 4 లక్షలు ఆయన కాపురంలో ఉండగా ఆమెకు కానుకగా ఇచ్చి ఉంటే? విడాకులకు ముందు అమ్మితే ఆ లాభం ఆయన ఆదాయంలో కలుస్తుంది. తర్వాత అమ్మితే ఆమెదే. ఇలా కలపాలంటే ఆస్తి ఇచ్చిననాడూ, ఆదాయం వచ్చిననాడూ భార్యాభర్తలై ఉండాలని సుప్రీంకోర్టు 1963లోనే చెప్పింది. అందుకే డిక్రీ తేదీ, అమ్మకం తేదీ రెండూ చూసుకోవాలి.

రాజీపత్రంలో ఇల్లు, నగలు, పిల్లల సంగతి రాయించుకుంటారు. షేర్లలో ఎవరి డబ్బు ఎంత, ఎప్పుడు, ఏ ధరకు కొన్నారన్నదీ రెండు వాక్యాల్లో రాయించుకోవాలి. పాత పాస్‌బుక్కు, బ్రోకరు ఇచ్చిన కాంట్రాక్టు నోట్లు పారేయొద్దు. కలిసి ఉన్నన్నాళ్లూ వాటి అవసరం రాదు. విడిపోయాక సాక్ష్యం చెప్పేవి అవే.