విద్యార్థి కూలి, విద్యార్థి గంట

గడచిన పెండ్లిండ్ల దినములలో రాజమహేంద్రవరమునకు అనతిదూరమున నొక కల్యాణమండపములో వడ్డన చేయుచుండిన డిగ్రీ రెండవ సంవత్సరపు విద్యార్థి యొకడు, పొగలు క్రక్కుచున్న సాంబారు గంగాళము మీద నొరిగి, మోకాలు మొదలు మడమవరకు కాల్చుకొనెను. పిల్లవాడు పనిలోనికి వచ్చినది సాయంకాలము 4 గంటలకు. కాలు కాలినది రాత్రి 1 గంట దాటిన పిమ్మట. అప్పటికి ముహూర్తమింకను కాలేదు. మరునాటి యుదయము 9 గంటలకు కాలేజీలో నుండవలసినవాడు మూడు వారములు మంచము పట్టెను. ఆ సెమిస్టరు పరీక్షలు పోయినవి.

అతని తండ్రి లంకభూములలో కౌలుసేద్యము చేయువాడు. సలహాకై మాకడకు వచ్చినపుడు మేము మూడు ప్రశ్నలడిగితిమి. పిల్లవానిని పనిలో పెట్టుకొన్నది ఎవరు? ఎన్ని గంటల పని? కూలి యెంతయని యెక్కడనైన వ్రాసియున్నదా? ఒక్కదానికిని సమాధానము లేకపోయెను. క్యాటరింగు యజమాని కుర్రవాండ్రను తెచ్చినది మేస్త్రీ యనుచున్నాడు. మేస్త్రీ, ఆ కుర్రవాడు తోటి కుర్రవానివెంట వచ్చినాడే గాని నేను పిలువలేదనుచున్నాడు. మండపమువారు తమకు అద్దెతో తప్ప వేరు సంబంధము లేదనిరి. వ్యాజ్యము వేయుదమని మేము చెప్పగా తండ్రి యొక్కమాట యనెను: "మళ్ళీ ముహూర్తాలకి పిల్లోణ్ణి పనికి పిలవాలి కదండీ బాబూ, ఆయనతో గొడవెందుకండీ?" ఆసుపత్రి ఖర్చులో సగమునకు రాజీ కుదిరినది.

విద్యార్థి పనిచేసి చదువుట మన సీమకు క్రొత్త గాదు. రాజమహేంద్రవరపు కాలేజీకి నూటయేబది సంవత్సరముల చరిత్ర కలదు. ఆ తొలిదినములలో పల్లెలనుండి వచ్చిన బీదపిల్లలు వారములు చేసికొని, దినమునకొక యింట భుజించుచు, ఆ యింటి పనిపాటలలో చేదోడుగా నుండి చదువుకొనెడివారు. ఆ కాలమును తలచుకొని మురియు పెద్దలు నేటికిని కలరు. మేమును వారి మాటలు వినుచు పెరిగినవారమే. అయినను గృహిణికి కోపము వచ్చిన నాడు ఆ పిల్లవానికి పస్తు తప్పెడిది కాదు. ఆ ముద్దయైనను కొన్ని కులముల పిల్లలకే దొరకినదని కూడ ఒప్పుకొనవలయును. నేటి విద్యార్థి ఒకరి దయను యాచించుట లేదు. బట్టలకొట్టులో తానులు విప్పి చూపి, భోజనశాలలో బల్లలు తుడిచి, మోటారుసైకిలుపై ఇంటింటికి పొట్లములు చేరవేసి, కడియపు నర్సరీలలో మొక్కలు మోసి, తన శ్రమకు వెల యడుగుచున్నాడు. ఇది అవనతి గాదు. విద్యార్థులు పనిచేయరాదని శాసింపుడని కోరువారిలో మేము లేము. కాలేజీ ఫీజు, హాస్టలు బిల్లు, ఇంట చెల్లెలి పుస్తకములు ఈ కూలితోనే గడచుచున్న కుటుంబములను మేమెరుగుదుము.

మా ఫిర్యాదు వేరు. ఈ శ్రమను శాసనము చూడకున్నది. 14 ఏండ్లు నిండి 18 నిండని వారి విషయమున శాసనము కొంత స్పష్టముగనే యున్నది. 2016 లో సవరింపబడిన 1986 నాటి బాలకార్మిక చట్టము ప్రకారము వారిని అపాయకరమైన పనులలో పెట్టుకొనరాదు. తక్కిన పనులలో సయితము విశ్రాంతికాలముతో కలిపి దినమునకు 6 గంటలు మించరాదు. 3 గంటల పనికి పిమ్మట ఒక గంట విరామమీయవలయును. రాత్రి 7 మొదలు ఉదయము 8 వరకు పని చేయింపరాదు. అదనపు గంటలు అసలే కూడవు. ఇక మన పెండ్లిండ్ల సంగతి చూడుడు. తెలుగువారి ముహూర్తములు పెక్కు రాత్రివేళనే. ఇంటర్మీడియేటు చదువు 17 ఏండ్ల పిల్లవాడు బూరెల పళ్ళెము పట్టుకొని పంక్తిలో నిలుచునది చట్టము కూడదన్న వేళయందే గదా! ఆ పంక్తిలో భుజించువారిలో అధికారులుందురు, మావంటి న్యాయవాదులుందురు. వయస్సు అడిగినవాని నింతవరకు మేము చూడలేదు. మేమును అడిగినవారము గాము.

పదునెనిమిదవ పుట్టినదినమున ఈ కొద్దిపాటి రక్షణయు తొలగిపోవును. అటుపిమ్మట విద్యార్థి పెద్దవాడు. పెద్దవారికి వారమునకు 48 గంటలు పరిమితి. కాని యీ 48 గంటల లెక్క వేరు వ్యాపకము లేని కార్మికుని కొఱకు కట్టినది. నూటికి 75 పాళ్ళు హాజరు తప్పనిసరియైన కాలేజీలో దినమునకు ఆరు గంటలు కూర్చుండువానికి ఆ పరిమితి ఏమి సహాయము చేయగలదు? విద్యార్థియను మాట మన పనిగంటల శాసనములలో ఎచ్చటను లేదు. పిల్లవాడని కొంతవరకు, కార్మికుడని కొంతవరకు చూచిరే గాని, రెండు బరువులు మోయు మనుష్యుడొకడున్నాడని తలపనైన తలపలేదు.

కూలి లెక్కయు నిట్టిదే. 2025 నవంబరు 21 న అమలులోనికి వచ్చిన వేతనముల కోడ్, కనీసవేతనమును గంటకు, దినమునకు, నెలకు ఏర్పరుప వీలు కల్పించినది. కావున గంటకింతయని విస్పష్టముగ నిర్ణయించి ప్రకటించినచో, సాయంకాలము నాలుగు గంటలు మాత్రమే పనిచేయు విద్యార్థికి బేరమాడుటకు ఒక ఆధారము దొరకును. నేడు అంగడిలో జరుగుచున్న దేమి? "నీవు సగము దినమే గదా" యని సగముకంటె తక్కువ నిచ్చుట. "ఈ పూట కొంచెము ఆలస్యమగును" అని ఆ సగము దినమును పూర్తి దినముగ సాగదీయుట.

చందాల విషయము మరింత చిత్రమైనది. పదిమందికి తక్కువగాక పనిచేయు సంస్థలలో, నెలకు 21,000 రూపాయలు మించని జీతగాండ్రకు ఇ.ఎస్.ఐ. వర్తించును. వేతనములో యజమాని 3.25 శాతము, పనివాడు 0.75 శాతము చెల్లింతురు. పనిలో గాయపడినవానికి మొదటిదినము నుండియు రక్షణ కలదు. పై విద్యార్థి పేరు ఆ పుస్తకమున నుండినచో రాజీకై తండ్రి తల వంచవలసిన పని లేకపోయెడిది. అయితే జబ్బుచేసినపుడు కూలిలో 70 శాతము నిచ్చు ప్రయోజనమునకు సాధారణముగ ఆరు నెలల చందా కాలములో 78 దినముల చందా పడియుండవలయును. ఆరు నెలలకు 26 వారములు. వారమునకు రెండు దినములు పనిచేయు విద్యార్థికి 52 దినములే యగును. మూడు దినముల చొప్పున ఒక్కటియు తప్పక చేసిననే సరిగా 78. పరీక్షల కాలమున ఒక వారము మానెనా, చందా పోయినది, ప్రయోజనము రాలేదు! ఈ నియమము చేసినవారు విద్యార్థికి అపకారము తలపెట్టిరని మేమనము. వారి యెదుట విద్యార్థి లేడు, అంతియే.

అప్రెంటిసుల సంగతి కొందరు మాకు గుర్తుచేయవచ్చును. 1961 నాటి అప్రెంటిసుల చట్టము 18 వ సెక్షను, అప్రెంటిసు శిక్షణ పొందువాడే గాని కార్మికుడు కాడని తేల్చివేసినది. సాంఘికభద్రత కోడ్ సయితము ఉద్యోగి యను మాటకు అర్థము చెప్పుచు అప్రెంటిసును వెలుపల నిలిపినది. కావున ఇ.ఎస్.ఐ. లేదు, ప్రావిడెంటు ఫండు లేదు. గాయపడినచో నష్టపరిహారము మాత్రము కలదు. 2014 లో వచ్చిన సవరణ పనిగంటల నిర్ణయమును యజమానికే విడిచినది. అతడే గురువు, అతడే గడియారము!

అప్రెంటిసుకు చట్టమైన నున్నది. ఇంటర్నుషిప్పు చేయువానికి అదియు లేదు. 2020-21 నుండి మన రాష్ట్రపు డిగ్రీ విద్యలో 10 నెలల ఇంటర్నుషిప్పు నిర్బంధముగ ప్రవేశపెట్టబడినది. పని నేర్వవలెననుట మంచిదే. కాని ప్రభుత్వమే విద్యార్థిని పనిచోటికి పంపినపుడు, అక్కడ అతడు ఎన్ని గంటలుండవలెను, చేయి నలిగినచో ఎవరు బాధ్యులు, భోజనమునకైన భత్యమిత్తురా యను ప్రశ్నలను కాలేజీకిని కంపెనీకిని నడుమ వ్రేలాడదీయుట న్యాయముగ తోపదు.

విదేశములలో ఈ గంటల లెక్క ఎట్లున్నదో మన గోదావరి జిల్లాల తల్లిదండ్రులకు వేరుగ చెప్పనక్కరలేదు. బిడ్డను పంపిన ప్రతి యింటను అది కంఠస్థమే. అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదువువాడు తరగతులు సాగు కాలమున విశ్వవిద్యాలయపు ఆవరణలో వారమునకు 20 గంటలు పనిచేయవచ్చును. బ్రిటనులో డిగ్రీ విద్యార్థికిని 20 గంటలే. కెనడా 2024 నవంబరునుండి ఆవరణము వెలుపలి పనికి 24 గంటలు నిర్ణయించినది. ఆస్ట్రేలియా 2023 జూలైనుండి రెండు వారములకు 48 గంటలన్నది. చందాలును లెక్కప్రకారమే. జర్మనీలో వారమునకు 20 గంటలు మించక పనిచేయు విద్యార్థి జీతముపై వైద్యపు చందా, నిరుద్యోగపు చందా పట్టరు. వృద్ధాప్యపు పింఛను చందా మాత్రము పట్టుదురు. ఆస్ట్రేలియాలో యజమాని కూలిపై 12 శాతము పింఛను నిధికి కట్టవలయును. విద్యార్థి దేశము విడిచిన పిమ్మట పన్ను పోగా దానిని తీసికొనవచ్చును.

వీనిని చూచి అసూయపడుమని మేము చెప్పుట లేదు. పరదేశపు విద్యార్థులపై ఆ గంటల పరిమితి దయచే పుట్టినది గాదు, వీసా కాపలాచే పుట్టినది. పరిమితి మీరినచో మొదట చెడునది పిల్లవాని చదువు, పిల్లవాని వీసా. ఆ భయముచేతనే కొందరు చాటుగ, చీటి లేకుండ, నగదు పుచ్చుకొని పనిచేయుచు, కూలి ఎగబెట్టినను నోరెత్తలేక యున్నారు. ఇచ్చట మన మొక నియమము చేసికొన్నచో ఈ దోషము రాకుండ చూడవలయును. గంటలు మీరినందుకు శిక్ష యజమానికే గాని విద్యార్థికి తగులరాదు. అదనముగ చేసిన ప్రతి గంటకు కూలి అతనికి చెల్లవలసినదే.

పట్టణపు వర్తకులలో మా మిత్రులు పలువురు గలరు. ఇన్ని నియమములు పెట్టినచో విద్యార్థులను పనిలోనికే తీసికొనమని వారనుచున్నారు. ఈ మాటను తేలికగ త్రోసివేయము. చిన్న దుకాణదారునకు కాగితముల బెడద యెట్టిదో వృత్తిరీత్యా ఎరుగుదుము. అయినను ఒక్కటి యడుగుదుము. ఆషాఢపు తగ్గింపు అమ్మకములలో, సంక్రాంతికి ముందు, పెండ్లిండ్ల దినములలో విద్యార్థులు లేక తమ వ్యాపారము నడచునా? నడువదు. నడువదు గనుకనే పిలుచుచున్నారు. వేయి రూపాయల కూలిపై 32 రూపాయల 50 పైసల చందా వ్యాపారమును కూల్చునంతటి బరువు కాదు.

2027 లో గోదావరి పుష్కరములు వచ్చుచున్నవి. రేవులలో, సత్రములలో, భోజనశాలలలో వేలకొలది విద్యార్థులు పనికి పిలువబడుదురు. అంతకు ముందుగనే రాష్ట్రప్రభుత్వము కొంత చేయవచ్చును. కాలేజీ విద్యార్థికి తరగతులు సాగు కాలమున వారమునకు 20 గంటలు, సెలవులలో సాధారణ పరిమితి అని నియమము చేయుట. రాత్రి 10 దాటిన పిమ్మట పనిచేయించినచో ఇల్లు చేర్చు బాధ్యత యజమానిపై నుంచుట. గంటకు కనీసపు కూలి ప్రకటించుట. ఇంటర్నుషిప్పునకు పంపు ప్రతి విద్యార్థికి ప్రమాదబీమా లేనిదే ఒప్పందముపై సంతకము చేయరాదని కాలేజీలకు ఉత్తరువిచ్చుట. 78 దినముల నియమమును విద్యార్థులకు సగము చేయుట మాత్రము ఢిల్లీవారి చేతిలోనిది. మన పార్లమెంటు సభ్యులు ఈ యొక్క ప్రశ్ననైనను సభలో అడుగగలరని ఆశింతుము.

అంతవరకు విద్యార్థులకు మా సలహా యొకటి. పనికి రమ్మని ఫోనులో వచ్చిన వార్తను చెరిపివేయకుడు. కూలి నగదుగ గాక ఫోనుద్వారా పుచ్చుకొనుడు. ఎవరు, ఏనాడు, ఎంత పంపినది అందు నిలిచియుండును. వచ్చిన వేళ, పోయిన వేళ ఒక చిన్న పుస్తకములో దినదినము వ్రాసికొనుడు. నాడపు పనివాడని త్రోసిపుచ్చు సాకును 1923 నాటి నష్టపరిహార చట్టమునుండి 2000 లోనే తొలగించిరి. గుత్తదారుని పనివానికి అసలు యజమానియు బాధ్యుడగు సందర్భములు కలవు. గాయపడినచో రెండేండ్లలోపల దరఖాస్తు చేయవచ్చును. పైని చెప్పిన విద్యార్థి ఫోనులో మేస్త్రీ పంపిన వార్త ఒకటి యుండెనట, సాయంకాలము నాలుగింటికి తెల్లచొక్కాతో రమ్మని. ఫోనులో చోటు చాలక రెండవ వారముననే దానిని తుడిచివేసెను.