అక్షరమాల పాట కాదు

మా ఆదిభట్లలో పొలములుండిన చోట నేడు విమానభాగములు చేయు కర్మాగారములు వెలసినవి. ఆ మార్పు జరుగుచుండిన దినములలో ఒకనాటి సాయంకాలము నా పూర్వశిష్యుడొకడు మా యరుగుమీదికి వచ్చి, భూమికి సంబంధించిన పత్రమొకటి నా చేతికిచ్చి, "సారూ, జర ఈ కాయితం చదివి చెప్పుండ్రి" అనెను. చదివి వినిపించితిని. అతడు వెడలిపోయిన పిదప, దీపము పెట్టుటయు మరచి చాలసేపు కూర్చుంటిని. ఏలయన, నేను ఉద్యోగమున చేరిన క్రొత్తలో అతనికి అక్షరములు నేర్పినవాడను నేనే. 'అ' మొదలు 'ఱ' వరకు తడబడక పాడి నాచేత మెప్పు పొందిన బాలుడతడు.

పాడినమాట నిజమే, చదువుట మాత్రము రాలేదు. పుస్తకము నడుమ 'మ'పై వ్రేలుంచి అడిగినచో, అతడు మరల 'అ' నుండి పాడుకొనుచు వచ్చి అచ్చట ఆగెడివాడు. పాట తప్పినచో అక్షరమును తప్పెడిది. నేనది చూచియు, ముందుముందు అదియే వచ్చునని యూరకుంటిని. నాలుగవ తరగతితో అతడు బడి మానెను. అందరును మందబుద్ధి యనిరి. నేనును కాదనలేదు.

ఆంగ్లమున అక్షరమునకు పేరొకటి, పలుకు మరియొకటి. 'సి, ఏ, టి' అను పేర్లు కలిపిన 'క్యాట్' అను మాట పుట్టదు. తెలుగున 'మ' పేరును 'మ'యే, పలుకును 'మ'యే. ఇంతటి సౌలభ్యము చేతనుండగా మనము 'కకు గుడిస్తే కి' యని దానికిని పాట కట్టితిమి. బాలుడు గుడిని చూచినంతనే 'ఇ' ధ్వని తలపునకు రావలెను. 'క'పై చూచిన గుడినే 'న'పై, 'ల'పై చూచి 'ని', 'లి' యని తానై పలుకవలెను. అప్పుడే గుణింతము వచ్చినట్లు. ఒత్తుల కడ చిక్కు నిజముగానే కలదు. 'సూర్య'లో 'ర' పూర్తిగా కనబడుచున్నను తన అకారమును కోల్పోవును. 'య' క్రిందికి దిగును. 'మ, య'లును, 'ప, ష'లును కంటిని మోసగించును. ఇచ్చట తొందర పనికిరాదు.

పదమే ముందు, అక్షరము తరువాత యని వాదించువారు కలరు. వారి మాటలో సత్యము లేకపోలేదు. తండానుండి వచ్చి, యింట లంబాడీ పలుకు బాలికకు 'పలక' యననేమో తెలియనిచో ధ్వని యొక్కటియే చాలదు. కాని బొమ్మను చూచి 'పలక' యనుట చదువు కాదు. బొమ్మను మూసినప్పుడే తేలును. 2022లో మన రాష్ట్రమున 1 నుండి 5 తరగతులకు 'తొలిమెట్టు' మొదలిడినప్పుడు, అయిదవ తరగతికిని తొలిమెట్టు కావలసివచ్చెనే యని చింతించితిని. ఇప్పటికైనను గుర్తించిరని సంతోషించితిని.

ఇంగ్లండులో 2012 నుండి అయిదారేండ్ల పిల్లలచేత 40 పదములు చదివించి పరీక్షించుచున్నారు. అందు 20 పదములకు అర్థమే లేదు. వినగానే నాకు నవ్వు వచ్చెను. పిదప నాలోచింపగా, తెలిసిన మాటను ఊహించి చెప్పవచ్చును గాని, లేని మాటను చదివినవాడే చెప్పగలడని తోచినది. మా వీధి పిల్లలు మువ్వురిని పిలిచి ఇసుకలో 'గమిబు' అని వ్రాసితిని. అక్షరమాల గడగడ అప్పగించిన యిరువురును నేల చూపులు చూచిరి. మూడవది, అందరిలో చిన్నది, "గ... మి... బు" అని కూడబలుకుకొని, "గమిబు అంటే ఏంది తాతా?" అనెను.

"ఏమియు లేదమ్మా" అంటిని.

"మరి ఎందుకు రాసినవ్?" అని కసరి, కాలితో దానిని చెరిపివేసినది.