మిస్సమ్మ ఆడిన అబద్ధం, మనం ఆడే అబద్ధం

ఒక ఆదివారం రాత్రి భోజనాలయ్యాక టీవీ ముందు చాపలు పరుచుకుని 'మిస్సమ్మ' చూశాం. 1955లో వచ్చిన ఎల్.వి.ప్రసాద్ సినిమా. నలుపు తెలుపు బొమ్మ అనగానే సగం మంది లేచిపోబోయారు. పది నిమిషాలయ్యాక మాత్రం ఒక్కరూ కదల్లేదు.

కథ చాలామందికి తెలిసిందే. చదువుకున్నా ఉద్యోగం దొరకని ఎన్.టి.రామారావు, ఇంటి అప్పుతో సతమతమయ్యే సావిత్రి. బడిలో భార్యాభర్తలైన టీచర్లే కావాలని ప్రకటన వస్తుంది. ఆయన హిందువు, ఆమె క్రైస్తవురాలు. దంపతులమని అబద్ధం చెప్పి అప్పాపురంలో చేరిపోతారు. ఇక నాగేశ్వరరావు డిటెక్టివ్ వేషాలకు, రేలంగి మాటలకు పొట్ట పట్టుకుని నవ్వాం. అప్పు పేరు చెప్పి పెళ్ళి చేసుకోమని వేధించే రమణారెడ్డిని చూసి కూడా నవ్వాం. కానీ ఆ అప్పు బాధ మన ఇళ్ళల్లో ఉన్నదే. మంచి హాస్యం గొప్పతనం అదే. కష్టాన్ని దాచదు, దాన్ని చూసే ధైర్యం ఇస్తుంది. అందుకే "చదువుకునే పిల్లలకు సినిమాలెందుకు" అనే మాటను మేము ఒప్పుకోం.

అయితే ఒక్క విషయంలో మాకు పేచీ ఉంది. చివరికి మేరీ, జమీందారు గారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మేనని తేలుతుంది. దాంతో మతం అడ్డంకి దానంతటదే తొలగిపోతుంది. మేరీ మేరీగానే ఉండిపోతే ఆ ఇల్లు అలాగే ఆదరించేదా? సినిమా ఆ ప్రశ్న దాటేసింది.

మనకు ఆ ప్రశ్న దాటదు. పట్నంలో గది అద్దెకు అడిగితే ముందు ఇంటిపేరు, తరువాత ఊళ్ళో ఇల్లు ఏ వైపు అని ఆరా తీస్తారు. మాలో కొందరు వేరే ఇంటిపేరు చెప్పి గది సంపాదించారు. ఎప్పుడు బయటపడుతుందోనని స్నేహితుల్ని గదికి పిలవలేదు, ఇంటి నుంచి అమ్మానాన్నల్ని రానివ్వలేదు. సినిమాలో అబద్ధం నవ్వించింది. ఈ అబద్ధం నిద్ర పట్టనివ్వలేదు. మనకు తప్పిపోయిన జమీందారు తండ్రి ఎవరూ దొరకరు. దొరకాల్సిన అవసరమూ లేదు.

తమ్ముళ్ళూ, 'మిస్సమ్మ' తప్పక చూడండి. హాయిగా నవ్వుకోండి. రేపు ఎవరైనా మీ పేరూ ఊరూ అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి. గది దొరక్కపోతే మాకు కబురు పెట్టండి. అన్నలం మేమున్నాం, కలిసి వెతుకుదాం.